అద్దంగా కూర్చున్న ఆడపడుచు

పోయిన వారం మనం కందిరీగని టికెట్ల గదిలో వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. నోటి నిండా పిన్నులు, రెండు చేతులూ నెత్తిమీద, బయట ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు. పాపం, వారం నుంచీ ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది. చేతులు పీకేస్తుంటాయి. ముందు ఆ సంగతి చూద్దాం.

ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు ఓపిక పట్టాలి. నాటకాల హాలులో ఆడవాళ్ళ తలలు దిద్దే పని కందిరీగ వాళ్ళమ్మది. ఆవిడ మణికట్టు ఈ మధ్య మొరాయిస్తోంది. కొత్తగా వేస్తున్న నాటకం పాతకాలపు కథ. అందులో ఒక సీనుంది. ఒకమ్మాయి బల్ల ముందు కూర్చుని, పాత క్యాలెండర్లలో పిన్అప్ సుందరులు ఉంటారే, అచ్చం వాళ్ళలాగా తన జుట్టు తనే చుట్టుకుంటూ ఉంటుంది. వెనకాల ఇద్దరు మగవాళ్ళు ఆమె కోసం కొట్టుకు చస్తుంటారు. ఆమెకి ఒక్క డైలాగు లేదు గానీ, హాలంతా చూసేది ఆమెనే. అలా చుట్టుకోవడం చేతనైన నటి దొరకలేదు. "మా ఇంట్లో మనిషికి నేర్పిస్తాను లెండి" అంది అమ్మ. నేర్పించింది కూడా. కూతురికి కాదు, కోడలికి. అంతేనా, నాటకం అయ్యాక మేకప్ గదిలో తన కుర్చీ కూడా కోడలిదేనని అందరి ముందూ చెప్పేసింది. టికెట్లు చింపుకునే కూతురు ఆ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయింది. కందిరీగ అన్న పేరు వాళ్ళన్నయ్య పెట్టింది. ఎందుకు పెట్టాడో మీకు ఇంకాసేపట్లో తెలుస్తుంది.

తలుపు బాదుతున్నది ఆ అన్నయ్యే. ఆ కోడలి మొగుడు, హాల్లో లైట్లు చూసేది అతనే.

"ఏమే కందిరీగా, లోపల ఎవర్నైనా చంపుతున్నావా? తియ్యి!"

"వత్తున్నా ఉండు" అంది, పిన్నుల మధ్యనుంచి ఎలా వస్తే అలా.

తలుపు తెరుచుకుంది. అన్నయ్య చెల్లెల్ని కింది నుంచి పైకి చూస్తూ వచ్చి, నెత్తి దగ్గర ఆగిపోయాడు. నుదురు పైన జుట్టంతా రెండు పెద్ద చుట్టలుగా లేచి నిలబడి ఉంది. మెడ వెనక ఉంగరాలు, చుట్టూ ఎర్ర చుక్కల గుడ్డ, ముందు బుల్లి ముడి. పెదాలకి ఎర్రటి రంగు.

"ఓరి నాయనో! నెత్తిన ఈ పొగగొట్టాలేంటే? వంట మొదలెట్టావా లోపల?"

"నీకు చూడ్డం రాకపోతే నోరు మూసుకో. ఎందుకొచ్చావు?"

"మేకప్ గదిలో పిన్నుల డబ్బా కనబడట్లేదట. అమ్మ హాలంతా తిరగేస్తోంది." అతని చూపు బల్లమీద నోరు తెరుచుకుని ఉన్న డబ్బా మీద పడింది. "దొంగ మొహమా! నువ్వా?"

"మా అమ్మ డబ్బా. నేను తీసుకుంటే దొంగతనమా?"

"సరే సరే, పద. అక్కడ కొంపలంటుకున్నాయి. అద్దం తీసేశారు."

"ఏ అద్దం?"

"స్టేజీ మీది అద్దమే. నా లైటు దానిమీద పడి ముందు వరుసల కళ్ళల్లో కొడుతోంది. అందుకని డైరెక్టరు అద్దం ఊడబీకించి ఉత్త చట్రం పెట్టించాడు. దాన్ని జనం వైపు తిప్పి, అందులోంచి మీ వదిన మొహం కనబడాలంటాడు. బాగానే ఉంది గానీ, అద్దం లేకపోయేసరికి మీ వదినకి చేతులాడ్డం లేదు. తలకాయ కాస్తా కాకిగూడు చేసుకుంది. సాయంత్రం ఆట. టికెట్లు కూడా అమ్మేశావు కదే నువ్వు!"

ఆ మాట వినగానే కందిరీగకి కలిగిన సంతోషాన్ని ఉన్నదున్నట్టు రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. కాకిగూడు అన్న మాట ఆమెకి తేనె చుక్కలా గొంతు దిగింది. ఎన్నాళ్ళనుంచి ఎదురు చూస్తోందో!

అసలు ఆ జుట్టు కట్టడం ఆమె ఎక్కడ నేర్చుకుందనుకున్నారు? టికెట్ల గదికీ మేకప్ గదికీ మధ్య గోడలో, తాళాలు అందించుకోవడానికని చిన్న కిటికీ ఒకటుంది. మేకప్ గది అద్దం సరిగ్గా ఆ కిటికీ పక్కనే. వదిన అద్దం ముందు కూర్చుంటే ఆమె మొహం కిటికీకి ఎదురుగా ఉంటుంది. కందిరీగ కిటికీ రెక్క వేలెడంత తెరిచి, రోజూ ఒంటికాలి మీద నిలబడి అంతా చూసింది. తడి జుట్టుని పాయలు పాయలుగా చుట్టి, పిన్ను పెట్టి, గుడ్డ కట్టుకుని పడుకోవాలని అమ్మ చెప్పడం చూసింది. పొద్దున విప్పి, కుదుళ్ళ దగ్గర జుట్టుని వెనక్కి దువ్వి గుబురు చేసి, పైపైన నున్నగా సర్ది, కొసల నుంచి రెండు వేళ్ళ చుట్టూ చుట్టుకుంటూ నెత్తిదాకా తేవడం చూసింది. చుట్టకి పిన్ను బయట కనబడకుండా లోపలి నుంచి గుచ్చడం కూడా చూసింది. అన్నిటికంటే ఎక్కువగా చూసింది మాత్రం వదిన నెత్తిమీద అమ్మ చెయ్యి. అమ్మ ఆ చెయ్యి వేసి "అదీ, అలా, బంగారు తల్లీ" అన్నప్పుడల్లా గోడకి ఇవతల కందిరీగకి అరికాలి మంట నెత్తికెక్కేది. తనని ఏనాడైనా బంగారు తల్లీ అందా? ఏమే అనేది, లేకపోతే ఒసేయ్ అనేది.

ఇంటికెళ్ళి గుప్పెడంత చేతి అద్దం ముందు కూర్చుని, చూసింది చూసినట్టు చేసేది. మొదట్లో చుట్టలు చెవుల మీదికి జారి కుక్క చెవుల్లా వేలాడేవి. పిన్నులు గుచ్చుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఏడుస్తూనే మళ్ళీ దువ్వేది. ఇవాళ పొద్దున్నే మొదటిసారి చుట్ట నిలబడింది. నిలబడిన రోజే వదినది కూలిపోయింది. ఇంతకంటే ఏం కావాలి? డబ్బా చంకన పెట్టుకుని అన్నయ్య వెనకాలే స్టేజీ మీదికి నడిచింది.

స్టేజీ మీద వదిన ఖాళీ చట్రం ముందు కూర్చుని ఉంది. ఒక చుట్ట నెత్తిమీద ఉంది. రెండోది ఉండాల్సిన చోట లేదు, చెంప మీద ఉంది. దువ్వి దువ్వి గుబురు చేసిన జుట్టు నలువైపులా లేచిపోయింది. మొహం కందగడ్డలా ఉంది.

"అద్దం ఉంటే వచ్చేదండీ" అంటోంది డైరెక్టరుతో. "నిన్న కూడా వచ్చింది. లేకపోతే ఏ చెయ్యి ఎటు పోతోందో తెలియట్లేదు."

"అమ్మా, నాకు మాత్రం అద్దం పెట్టాలని లేదా? పెడితే జనానికి కళ్ళు పోతాయి!" డైరెక్టరు తన జుట్టు తను పీక్కుంటున్నాడు, పీక్కోవడానికి పెద్దగా ఏమీ లేకపోయినా. అంతలో అతని కళ్ళు కందిరీగ మీద పడ్డాయి. నోరెళ్ళబెట్టాడు. "ఎవరు ఈవిడ?"

"మన టికెట్ల అమ్మాయేనండీ" అన్నాడు అన్నయ్య.

"టికెట్ల అమ్మాయా! ఎవరు దిద్దారమ్మా ఈ తల?"

"నేనే" అంది కందిరీగ. ఆ ఒక్క మాట వదిన వైపు తిరిగి అంది. వదిన కళ్ళు ఒక్క క్షణం ఆమె నెత్తిమీద నిలిచి, కిందికి దిగిపోయాయి. కందిరీగ కడుపు చల్లబడింది. చూడు తల్లీ, బాగా చూడు, నీకు దగ్గరుండి నేర్పితే అది, నాకు ఎవరూ నేర్పకపోతే ఇది.

"మరింకేం! ఈ అమ్మాయినే కూర్చోబెడదాం" అన్నాడు డైరెక్టరు.

అప్పుడు వచ్చింది అమ్మ. తెర పక్కనుంచి, మణికట్టుకి కట్టు కట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కూతురి ఎదురుగా నిలబడింది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. అమ్మ చెయ్యి లేచింది. ఇంకేముంది, నెత్తిమీద పడుతుందనుకుంది కందిరీగ. ఆ చెయ్యి చుట్ట లోపల పిన్ను ఎలా ఉందో వేలితో తడిమి, వెనక్కి వెళ్ళిపోయింది.

"చుట్ట గట్టిగానే ఉంది" అంది అమ్మ. "కానీ తిరగబడింది."

"ఏం తిరగబడింది?"

"పెద్ద చుట్ట కుడిపక్కన ఉండాలి. నీకు ఎడమపక్కన ఉంది. రెండో అంకంలో టోపీ ఎడమపక్కకి వాల్చి పెడతారు. ఇంత చుట్టమీద టోపీ ఎక్కడ కూర్చుంటుందే?" ఆగింది. మళ్ళీ అంది, ఈసారి గొంతు తగ్గించి. "నువ్వు ఆ తాళాల కిటికీలోంచి చూశావు కదూ?"

కందిరీగ చంకలో డబ్బాని ఇంకా లోపలికి నొక్కుకుంది.

"అద్దంలో చూసి నేర్చుకున్నవాళ్ళకి ఇలా రాదు. ఎదుటినుంచి మనిషిని చూసి, ఇంటికెళ్ళి అద్దంలో అలాగే కనబడేట్టు చేస్తే ఇలా వస్తుంది. మీ వదిన కుడి నీకు ఎడమైంది."

అన్నయ్య కిసుక్కున నవ్వాడు. తల కొట్టేసినట్టయింది కందిరీగకి. అంతమంది ముందు! కిటికీ దొంగతనం ఎవరూ పట్టుకోలేదు, నెత్తిమీద తనే చాటింపు వేసుకుని వచ్చింది.

"అయితే ఏమైందిప్పుడు? కుడిపక్క చేస్తాను. అదెంతసేపు!" అంది.

"చెయ్యి చూద్దాం" అంది అమ్మ.

పిన్నులు లాగేసి చట్రం ముందు కూర్చుంది. చట్రంలో అద్దం లేదు. ఎదురుగా ఖాళీ కుర్చీల వరసలు. పెద్ద చుట్ట కుడిపక్క అనుకుంటూ పాయ తీసింది. చేతులు వాటంతటవే ఎడమకి పోయాయి. లాక్కొచ్చింది. వేళ్ళు తడబడ్డాయి. పాయ ముందుకి చుట్టాలో వెనక్కి చుట్టాలో తెలియలేదు. చుట్ట లేచింది, ఊగింది, దబ్బున ముక్కుమీద పడింది. ఈసారి అన్నయ్యతో పాటు డైరెక్టరు కూడా నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది కందిరీగకి, కనీసం అప్పుడు తిట్టడానికి ఒక కారణం దొరికేది.

అమ్మ మాత్రం ఏదో ఆలోచిస్తోంది. కూతుర్ని, కోడల్ని, చట్రాన్ని మార్చి మార్చి చూసింది.

"బాబూ" అంది డైరెక్టరుతో, "స్టేజీ ముందు డైలాగులు అందించే మనిషి కూర్చునే గుంట ఉంది కదా, అది ఈ సీనుకి ఖాళీయేనా?"

"ఖాళీయే. ఈ సీను డైలాగులు వాళ్ళకి బాగా వచ్చు."

"మా అమ్మాయిని అందులో కూర్చోబెట్టండి. నెత్తిమీద చిన్న బల్బు పెట్టండి, జనానికి కనబడకుండా. అది ఎడమచేత్తో ఎడమపక్క చుట్టుకుంటుంది. ఎదురుగా కూర్చున్న మా కోడలికి అది కుడిపక్క. చూస్తూ చేసుకుపోవడమే. అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది."

డైరెక్టరు ఒక్క నిమిషం లెక్క చూసుకున్నాడు. కుడిచెయ్యి ఎత్తి, ఎడమచెయ్యి ఎత్తి, తన ఎదురుగా ఎవరో ఉన్నట్టు ఊహించుకుని, "అబ్బ!" అన్నాడు.

అలా మన కందిరీగ అద్దమైపోయింది. నమ్మండి, పని చేసింది కూడా! గుంటలో కందిరీగ ఎడమచెయ్యి ఎత్తితే స్టేజీమీద వదిన కుడిచెయ్యి లేచేది. ఇక్కడ పాయ చుట్టితే అక్కడ పాయ చుట్టుకునేది. చుట్ట నిలబడింది, రెండోదీ నిలబడింది. చుక్కల గుడ్డ ముడి పడింది. పైన లైటు వెలుగులో వదిన మొహం ఖాళీ చట్రంలో బొమ్మలా వెలిగిపోయింది. హాల్లో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. ఎవరికి? ఆమెకే. గుంటలో ఉన్నవాళ్ళకి ఎవరు కొడతారు?

మేకప్ గదిలోకి వచ్చి తలుపు వేసేదాకా ఆగింది కందిరీగ. అంతసేపు ఆగడమే ఎక్కువ.

"బాగుందమ్మా, చాలా బాగుంది! నీ కోడలికి స్టేజీ, నాకు గొయ్యి!"

అమ్మ స్టూలు మీద కూర్చుని మణికట్టు కట్టు విప్పుకుంటోంది. "గొంతు తగ్గించు. పక్కన మనుషులున్నారు."

"ఉండనీ! వినాలి! నేను నీ కడుపున పుట్టానా, లేకపోతే ఈ హాల్లో ఎవరైనా మరిచిపోయి వెళ్తే తెచ్చుకున్నావా? నిన్న కాక మొన్న వచ్చిన మనిషికి నీ పనంతా చేతిలో పెట్టావు. నీ కుర్చీ ఇచ్చావు. బంగారు తల్లీ అని నెత్తిన పెట్టుకున్నావు. నాకేం తక్కువ? నా జుట్టు జుట్టు కాదా? నావి చేతులు కావా? ఎవరూ నేర్పకుండా, గోడ పక్కన దొంగలా నిలబడి నేర్చుకున్నాను. అదీ నీకు నవ్వులాటే అయింది!"

"నేను నవ్వలేదు."

"నవ్వకపోతే ఏం, ఒక్క మంచిమాట అన్నావా? తిరగబడిందట! నాకు కుళ్ళమ్మా, అవును, కుళ్ళే! నువ్వు ఆవిడ తల దువ్వుతుంటే నాకు కడుపులో పేగులు మెలిపడేవి. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నన్ను పిలిచి 'ఏమే, నేర్చుకుంటావా' అని అడిగావా?"

అమ్మ చెయ్యి ఆగింది. కట్టు సగం ఊడి ఒళ్ళోకి జారింది.

"అడిగాను కదే" అంది.

"ఎప్పుడు?"

"నాటకం ఒప్పుకున్న రోజే. డైరెక్టరు దగ్గర ఊ అనకముందే నిన్ను అడిగాను."

"అబద్ధం! నన్ను అడిగితే నేను కాదంటానా?"

"అంటావు. ఎందుకనవు? బళ్ళోకి వెళ్ళే రోజుల్లోనే నా చేతిలోంచి దువ్వెన లాక్కున్నావు, నా తల నేనే దువ్వుకుంటానని. పెద్దయ్యాక ఈ గదిలో కూర్చోబెట్టి పని చూపిస్తానంటే ఏమన్నావో నీకు గుర్తులేదేమో. 'ఊళ్ళోవాళ్ళ తలలు పట్టుకుని బతికే ఖర్మ నాకేం పట్టింది, నీ దువ్వెన నువ్వే ఉంచుకో' అన్నావు. నేను మరిచిపోలేదు. మళ్ళీ మొహాన కొట్టినట్టు కాదంటే తట్టుకోలేననిపించింది. అందుకే నేను అడగలేదు. అడిగించాను."

"ఎవరితో?"

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏదో నెమ్మదిగా అర్థమవుతున్నట్టుంది.

"మీ వదినతో. నువ్వూ నేనూ సరిగ్గా మాట్లాడుకోవట్లేదని, 'నువ్వే అడుగమ్మా, పెద్దదాన్నయ్యాను, నా చేతులు పనికి రాకుండా పోయేలోపు దానికి నేర్పాలని ఉందని చెప్పు' అన్నాను. సాయంత్రానికి వచ్చి చెప్పింది. నువ్వు వద్దన్నావని. 'ఆ పని నాకు నామోషీ, నన్ను మళ్ళీ అడగొద్దని చెప్పు' అన్నావని."

కందిరీగ అనే పిల్ల నోట మాట రాకపోవడం ఈ కథ మొదలైన దగ్గర్నుంచీ ఇదే మొదటిసారి.

"నేను అనలేదు" అంది చివరికి. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నన్నెవరూ అడగలేదమ్మా. ఒట్టు. నీ మీద ఒట్టు."

అమ్మ కట్టు మళ్ళీ చుట్టుకోబోయింది. ఒంటిచేత్తో కుదరలేదు. కందిరీగ వంగి తనే చుట్టింది. చుట్టి ముడి వేస్తుంటే, కట్టు లేని చెయ్యి వచ్చి ఆమె నెత్తిమీద పడింది. చిక్కుపడి, పిన్ను గాట్లతో, మేకప్ రంగుల వాసన కొడుతున్న ఆ జుట్టులో వేళ్ళు ఒక్కసారి కదిలి ఆగాయి. ఇన్నాళ్ళూ దేనికోసం గోడ పక్కన కాలు నొప్పి పుట్టేలా నిలబడిందో అది దొరికింది. దొరికింది గానీ, దాంతో పాటు ఇంకోటి కూడా లోపలికొచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ కుళ్ళుకి కారణం లేదని అప్పుడప్పుడైనా తనని తను తిట్టుకునేది. ఇప్పుడు కారణం ఉంది.

"తొందరపడి ఏమీ అనకు" అంది అమ్మ. "సాయంత్రం ఆట అవనీ. అది తల ఎత్తుకు కూర్చోవాలి స్టేజీ మీద. అయ్యాక నేను అడుగుతాను."

"నువ్వు ఆవిడ వైపేనా ఇప్పుడు కూడా?"

"నేను ఆట వైపు" అంది అమ్మ. "టికెట్లు కొనుక్కున్నవాళ్ళకి మన ఇంటి గొడవలతో పనిలేదు."

మాట ఇచ్చిందా మన కందిరీగ? తల ఊపింది. తల ఊపడానికీ మాట ఇవ్వడానికీ తేడా ఎంతో మీకు తెలియనిది కాదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. టికెట్ల కిటికీ మూసి, గుంటలోకి దిగడానికి తెర వెనకనుంచి వెళ్తుంటే వదిన ఎదురైంది. పాతకాలపు పూల గౌను, విరబోసిన జుట్టు, ఎర్రటి పెదాలు. బాగుంది. ఎంత బాగుందంటే కందిరీగకి ఒళ్ళు మండింది.

"అమ్మాయీ" అంది వదిన, చెయ్యి పట్టుకోబోతూ. చెయ్యి చల్లగా ఉంది. "కాస్త నెమ్మదిగా చెయ్యి, ఏం? నాకు భయంగా ఉంది. నువ్వు ఎదురుగా ఉన్నావనే ధైర్యం."

కందిరీగ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వదినా, అమ్మ నాకేదో కబురు పంపిందటగా, నీతో?"

వదిన మొహంలో రంగు వేసిన చోట్లు తప్ప మిగతా అంతా తెల్లబోయింది. పెదాలు కదిలాయి. "నేను... అదీ..." అంది. "ఈ ఇంట్లో నాకంటూ..." అని మొదలుపెట్టింది. అంతలో బెల్లు మోగింది. ఎవరో వచ్చి "పదండి పదండి, లైట్లు ఆర్పేస్తున్నాం" అని వదినని చెయ్యిపట్టుకుని తీసుకుపోయారు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

తెర లేచింది. గుంటలో చిన్న బల్బు వెలిగింది. చట్రంలో వదిన మొహం. వెనకాల ఇద్దరు మగవాళ్ళ పోట్లాట మొదలైంది. కందిరీగ దువ్వెన ఎత్తింది. పైన దువ్వెన లేచింది. ఇక్కడ పాపిడి తీస్తే అక్కడ పాపిడి. ఇక్కడ గుబురు దువ్వితే అక్కడా దువ్వింది. వదిన కళ్ళు కందిరీగ చేతుల మీదనుంచి ఒక్క క్షణం కూడా కదలడం లేదు. మొహంలో చిరునవ్వు అలాగే ఉంది, నటన కదా. కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

పెద్ద చుట్ట లేచి నిలబడింది. పిన్ను లోపలినుంచి పడింది. జనంలో ఒకావిడ "ఎంత బాగా చుట్టుకుందో చూడండి" అని పక్కావిడతో అనడం గుంటలోకి స్పష్టంగా వినిపించింది. చిన్న చుట్ట కూడా అయింది. మెడ వెనక ఉంగరాలు సర్దడం అయింది. ఇక మిగిలింది చుక్కల గుడ్డ ఒక్కటే. ఆ ముడి చిన్న పిల్లలు కూడా అద్దం లేకుండా వేసుకుంటారు. అంటే, ఇక వదినకి అద్దంతో పనిలేదు.

ఎంత బాగా చుట్టుకుందో చూడండి! ఆ మాట తనది. ఆ చట్రం తనది. 'ఏమే, నేర్చుకుంటావా' అన్న మాట తనకోసం అమ్మ నోట్లోంచి బయల్దేరి, దారిలో ఈవిడ చేతిలో పడి మాయమైపోయింది. ఒక్క పిన్ను. ఆ ఒక్క పిన్ను లాగితే చుట్ట ముక్కుమీద పడుతుంది. పొద్దున తన ముక్కుమీద పడ్డట్టే. అప్పుడు ఇద్దరే నవ్వారు. ఇప్పుడు హాలంతా నవ్వుతుంది.

గుడ్డ ఒళ్ళోనే ఉండిపోయింది. కందిరీగ ఎడమచెయ్యి మెల్లగా లేచింది. తన నెత్తిమీద పెద్ద చుట్ట దగ్గరికి వెళ్ళింది. లోపల పిన్నుని వేలితో వెతికి, దాని తలని రెండు వేళ్ళతో పట్టుకుంది.

పైన, లైటు వెలుగులో, వదిన అంతా చూసింది. ఆ పిన్ను తీస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఎందుకు తీయబోతోందో కూడా తెలుసు. కావాలంటే చూపు తిప్పేసుకుని, చుక్కల గుడ్డ తీసుకుని ముడి వేసుకుని, చప్పట్లు కొట్టించుకుని లేచిపోవచ్చు.

ఆమె కుడిచెయ్యి లేచింది. చుట్టలోకి వెళ్ళి, పిన్ను తలని రెండు వేళ్ళతో పట్టుకుని, కందిరీగ ఏం చేస్తే అది చెయ్యడానికి సిద్ధంగా ఆగింది.